మరియమ్మ కుట్టిన రెక్కలు

మరియమ్మ ఇక లేదు. ఇక్కడ ఒమాన్‌లో, బౌషర్‌లో తాను పనిచేసే ఇంట్లో, ఇస్త్రీ బల్ల దగ్గరే కూలిపోయిందని గంగన్న ఫోన్ చేశాడు. "గుండె ఆగిందట సార్. అక్క పోయింది" అన్నాడు. నమ్మలేకపోయాను. పోయిన శుక్రవారమే హమ్రియాలోని మా ప్రార్థన గదిలో ఆమె పాడింది.

ఆమె గోదావరి జిల్లా నుంచి తెచ్చుకున్న గొంతే మా సంఘానికి ఆస్తి. పాటల పుస్తకం ముట్టేది కాదు. ఒకసారి వింటే చాలు. నిజామాబాదు తాపీమేస్త్రి గంగన్న మా మతంవాడు కాకపోయినా ఆమె పాట కోసం డప్పు పట్టుకుని వచ్చేవాడు. "నాది గాడిద గొంతు అక్కా" అంటే, "దేవుడు వింటాడులే తమ్ముడూ. నువ్వు వినకుండా పాడు" అనేది.

నిరుడు క్రిస్మస్‌కు ఒక పాత ఇంగ్లీషు సినిమాను మేమే తెలుగులో మళ్లీ తీశాం. మూతపడబోయే చర్చిని ఒక దేవదూత దిగివచ్చి పాటలతో నిలబెట్టే కథ. దర్శకుణ్ణి నేను. కెమెరా నా ఫోనే. పాటలన్నీ మరియమ్మవి. తాను పనిచేసే ఇంటి మేడమ్ పారేసిన దుప్పటి కత్తిరించి దూతకు రెక్కలు కుట్టిందీ ఆమే.

"దూత వేషం నాకిత్తారా సార్? పాటెలాగూ నాదే కదండీ" అని అడిగింది.

"అద్దంలో చూసుకున్నావా మరియమ్మా? దూత అంటే కాస్త రంగుండాలి" అన్నాను.

అందరూ నవ్వారు. ఇది చదివే సంఘం వారికి ఆ నవ్వు గుర్తుండే ఉంటుంది.

"చూసుకోకేమండీ. రోజూ ఆ అద్దాలు తుడిచేది నేనేగా" అని ఆమె కూడా నవ్వింది.

వేషం మా కంపెనీ అకౌంటెంటు భార్యకు ఇచ్చాను. ఆవిడ పెదవులు కదిపింది. మరియమ్మ తెర వెనక నిలబడి పాడింది. షూటింగ్ ముగిశాక నా దగ్గరికి వచ్చింది.

"పోనీ, రెక్కలు కట్టుకుంటాను, ఒక్క ఫొటో తీయండి సార్. మేడమ్ ఇంట్లోకి కెమెరా ఫోను రానివ్వరు. ఊళ్లో మా అమ్మాయి రూతు నన్ను చూసి చాన్నాళ్లయిందండి."

"రెక్కలు నలుగుతాయి" అన్నాను.

ఆమె పోయిన మర్నాడు ఆ కూతురే ఫోన్ చేసింది. "అమ్మకు ఫ్లెక్సీ వేయించాలండి. సినిమాలో దూత వేషం కట్టానని చెప్పిందండి. అందులోది ఒక ఫొటో పంపుతారా?"

తీసిందంతా మొదటి నుంచి వెతికాను. సినిమా నిండా ఆమె గొంతే. ఒకచోట తెర అంచు పట్టుకున్న వేళ్లు కనిపించాయి. అంతకుమించి మనిషి లేదు. ఫోన్ పాడై అన్నీ పోయాయని రూతుకు అబద్ధం చెప్పాను.

ఈ శుక్రవారం మా గదిలో పాట ఎత్తేవారు లేక గంగన్న డప్పు విప్పనే లేదు. ఆ గొంతుకు మా సంఘంలో మారు లేదు, రాదు.

నిన్న రూతు ఫ్లెక్సీ ఫొటో పంపింది. ఒమాన్‌కు వచ్చేముందు తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటోకు షాపువాళ్లు కంప్యూటర్లో రెక్కలు అతికించారు. "అమ్మ కట్టుకున్నవి ఇలాగే ఉన్నాయాండీ?" అని అడిగింది.

"ఇలాగే ఉన్నాయమ్మా" అన్నాను.

దుప్పటి రెక్కలు నా బీరువాలో ఉన్నాయి. నలగలేదు.