అమీర్‌పేట బడిలో కాగితపు చొక్కాలు

"బడికి వచ్చేది కాగితాలు కత్తిరించడానికా?" అని మా బెజవాడ బడి హెడ్మాస్టరు గారు నన్ను నిలదీశారు. అర, పావు లెక్కలు వల్లె వేయించే బదులు పిల్లల చేత చేతులతో చేయించి నేర్పుదామని అన్నందుకు ఆ ప్రశ్న. అలా నేర్పే బడి నిజాం రాజ్యంలో ఉందనీ, నాతోపాటు ట్రైనింగు చదివిన కరుణమ్మే దాన్ని అమీర్‌పేటలో నడుపుతోందనీ చెప్పాను. "అయితే చూసి రండి. వచ్చి నన్ను ఒప్పించండి," అన్నారు. ఒప్పించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ వారమే రైలెక్కాను.

మీరూ వెళ్ళదలిస్తే బెజవాడలో రాత్రి బండి ఎక్కండి, పొద్దున్నే సికింద్రాబాదులో దించుతుంది. యుద్ధం రోజులు కనుక ఆడవాళ్ళ పెట్టెలోనైనా కూర్చోవడానికి చోటు దొరికితే అదృష్టమే. మన కల్దారు రూపాయలను అక్కడి హాలీ రూపాయల్లోకి మార్చుకుని, నాంపల్లి వెళ్ళే బండి ఎక్కి ఖైరతాబాదులో దిగండి. బేగంపేట ఇంకా దగ్గరే కానీ నాకు అక్కడ టాంగా దొరుకుతుందన్న నమ్మకం లేకపోయింది. ఖైరతాబాదులో టాంగా సాయిబు పది అణాలు అడిగితే గీచి గీచి ఆరణాలకు దించాను. సోమాజిగూడ తోటల గోడలు దాటేదాకా గుర్రం హుషారుగానే ఉంది. పంజాగుట్ట ఎత్తు రాగానే ఆగిపోయింది.

"జర దిగుండ్రమ్మా. గుట్ట ఎక్కేటప్పుడు నేను సుత దిగుత," అన్నాడు సాయిబు.

"నడవడానికైతే నీకు ఆరణాలెందుకు?"

"గందుకే పది అడిగిన. ఆరణాలకు గుర్రం గింతే ఎక్కుతది."

దిగి గుట్ట ఎక్కాను. అవతలి నుంచి అంతా దిగుడే. తొమ్మిది కాకముందే కరుణమ్మ ఇంటి ముందున్నాను. వాళ్ళ పొడుగాటి వరండాయే బడి.

ఆ రోజు పాఠం చొక్కా. గుడ్డ కరువు కనుక పాత పత్రికలే గుడ్డ. ఒక్కో కాగితాన్ని ఇద్దరికి చెరిసగం చేసి ఇచ్చింది కరుణమ్మ. పిల్లలు ఒకరి ఛాతీ ఒకరు దారంతో కొలిచి, దారాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి పావు తెలుసుకుని, ఆ కొలతతో కత్తెర వేస్తున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లలు పావును చేత్తో పట్టుకుని చూస్తున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. హెడ్మాస్టరు గారితో ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా అనుకున్నాను.

అంతలో మెడలో టేపు వేసుకుని ఒకాయన మెట్లెక్కాడు. వీధి చివర దర్జీ దావీదు, మూడో తరగతి మార్త తండ్రి.

"పంతులమ్మా, మార్తను తోలుండ్రి. ఫౌజు సిపాయిల కమీజులు కుట్టనీకె దిగినయి. కాజాలు కుట్టెటోళ్ళు లేరు. రేపటి సంది బడికి రాదు."

"అదేంటి దావీదు గారూ, సంవత్సరం మధ్యలో?" అంది కరుణమ్మ. బడిలో ఆడపిల్లలు నలుగురే.

ఆయన కాగితపు చొక్కాల వంక చూశాడు. "కత్తెర పని నేర్పనీకె బడి అయితే, నా దుకాన్ల నేను నేర్పనా?"

ఒప్పించే విద్య ఉన్నదాన్ని కదా, నేను అందుకున్నాను. చేత్తో చేస్తే లెక్క ఎలా మనసుకెక్కుతుందో విడమరిచి చెప్పాను. ఆయన మర్యాదగా అంతా విన్నాడు.

"నేను బడికి పోలేదమ్మా. పావు, అర నాకు గట్లనే వచ్చినయి," అన్నాడు.

ఆయన కూతురి బల్ల దగ్గరికి వెళ్ళాడు. అందరి చొక్కాలకూ చేతులు కూడా వచ్చేశాయి. మార్త కాగితం మాత్రం మడత పడకుండా పరిచి ఉంది.

"ఏందే, ఇంక కొయ్యలే?"

"చదువుతున్న నాయినా. కోస్తే సగం పోతది."

"ఏమున్నది అండ్ల?"

మార్త వేలు పెట్టి చదివింది. ఒక ఊళ్ళో చిరుత ఒక ముసలమ్మ ఇంట్లో దూరిందట. ముసలమ్మ బయట గొళ్ళెం పెట్టి, దాన్ని పట్టుకుని నిలబడిందట. ఊరంతా కర్రలతో వచ్చారట. అక్కడికి కాగితం అయిపోయింది.

"మరి?" అన్నాడు దావీదు.

"తక్కింది ఇబ్రహీం దగ్గరున్నది."

పక్క పిల్లవాడు ఇబ్రహీం తన సగాన్ని ఎప్పుడో చొక్కా చేసేశాడు. దావీదు చెప్పులు విప్పి కింద కూర్చున్నాడు. చేతులను చంకల దగ్గర, మెడ ముక్కను మెడ దగ్గర జరిపి, కోసిన కాగితాన్ని మళ్ళీ ఒక్కటి చేశాడు. "ఇగ చదువు," అన్నాడు. తలుపు తీసేసరికి చిరుత వెనక కిటికీలోంచి ఎప్పుడో పోయిందట. ముసలమ్మ మాత్రం గొళ్ళెం వదలలేదట. దావీదు భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"గిదంతా నువ్వే చదివినవా?"

మార్త తలూపింది. ఆయన లేచి టేపు సర్దుకున్నాడు. "కాజాలు పొద్దుమూకినంక కుడతది పంతులమ్మా. రేపు సుత తోలుత. గా కాగితం ఇంటికియ్యుండ్రి, వాళ్ళమ్మ సుత ఇంటది."

చేతిపని గొప్పదని చూపడానికి సాక్ష్యం కోసం వెళ్ళిన నాకు, ఆ పని చేయని పిల్లే సాక్ష్యంగా దొరికింది. తిరుగు రైల్లో దాన్ని తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, కాస్త ఏడ్చాను కూడా. మా బడిలో చేతిపని పెట్టిస్తాను, అందులో అనుమానం లేదు. కాకపోతే కత్తెర ఇచ్చే ముందు చదువుకోవడానికి కొంచెం సేపు ఇస్తాను.

వెళ్ళేవారికి ఒక్క మాట. అమీర్‌పేట బడికి పళ్ళూ బిస్కత్తులూ మోసుకుపోకండి, పాత పత్రికలు తీసుకెళ్ళండి. ఎంత పాతవైనా సరే, మార్త ఇంట్లో ముగ్గురికీ అవి కొత్తవే.