పసుపు నీళ్లలో పియానో సంతకం

మా బరంపురాన్ని మద్రాసు నుంచి విడదీసి ఒరిస్సాలో కలిపిన కొత్తలో మా చిన్నాన్న బర్మాలోని రంగం నుంచి తిరిగొచ్చాడు. అక్కడో పెద్ద హోటల్లో పియానోలు శ్రుతి చేసేవాడు. అక్కడున్న మన దేశంవాళ్ల మీద గొడవలు రేగి ఆ పని పోయింది. గోపాలపురంలో ఓడ దిగి, రేకు పెట్టె పట్టుకుని మా వీధి అరుగెక్కాడు. అక్కడే ఆగిపోయాడు.

మాది పౌరోహిత్యం ఇల్లు మరి. సముద్రం దాటి వచ్చినవాడికి శుద్ధి జరగందే గడప దాటనివ్వరు. ఆయనకి సొంత అన్నగారై ఉండి కూడా నాన్న, ఇరుగుపొరుగుకి జడిసి, ముహూర్తం చూస్తున్నానంటూ రోజులు నెట్టాడు. చిన్నాన్న అరుగు మీదే తిని అరుగు మీదే పడుకునేవాడు. రంగం నుంచి ఆయన పంపిన సొమ్ముతో నేయించిన పెంకుల కింద మేం మాత్రం లోపల పీటలేసుకుని భోంచేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకున్నా ముద్ద దిగదు.

ఆ పెట్టెలో ఆయన ప్రాణంగా దాచుకున్నవి రెండే. ఒకటి, అమెరికా నుంచి వచ్చి ఆ హోటల్లో జాజ్ సంగీతం వాయించిన పేరుమోసిన పియానో విద్వాంసుడి ఫొటో. శ్రుతి పట్టే చిన్నాన్న చెవిని మెచ్చుకుంటూ ఆ విద్వాంసుడు దాని మీద నీలి సిరాతో రెండు ముక్కలు రాసి సంతకం చేశాడు. రెండోది, ఆ విద్వాంసుడు వాయించిన పియానో నుంచి ఊడిన, వేలితో నొక్కే తెల్ల మెట్టు. ఆ సంతకమున్న ఫొటో తెచ్చి చూపిస్తే పనిలో పెట్టుకుంటానని కలకత్తా హోటలాయన ఒకడు కబురంపాడు. మర్నాడే ప్రయాణం.

కాలేజీలో చదువుతున్న నాకు వాటి మీద చిన్నాన్నని మించిన గర్వం. సాగనంపే వంకతో వాటిని చూడ్డానికి రమ్మని స్నేహితులకి చెప్పాను. మెట్టు దేంతో చేశారని నాన్నమ్మ అడిగితే, ఏనుగు దంతమని గొప్పగా చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"దంతమైతే ఏటి? సచ్చిన జీవిది కాదేటి?" అంది.

పొద్దున్నే చిన్నాన్న స్నానానికి వెళ్లాడు. ప్రయాణమయ్యే కొడుక్కి మైల అంటకూడదని, నాన్నమ్మ అరుగు మీద పెట్టె తెరిచి బిందెడు పసుపు నీళ్లు కుమ్మరించింది. ప్రేమతోనే చేసింది. అదే ఇంకా బాధ.

ఆయన వచ్చేసరికి నా స్నేహితులు కూడా వీధిలో ఉన్నారు. ఫొటో తీసి తుండుతో అద్దాడు. నీలి సిరా తుండుకి అంటుకుంది. రాత ఉన్నచోట పచ్చటి మరక మిగిలింది. గడప లోపల నిలబడి నాన్న గోడకేసి చూశాడు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను. చిన్నాన్న తిడితే బాగుండుననిపించింది.

ఆయన తిట్టలేదు. తడి పెట్టె మూసి, నాన్నమ్మని మెల్లిగా అడిగాడు.

"పెట్టికి సుద్ధి అయిపోనాది గదమ్మా. మరి నాకెప్పుడు?"