లేవని చెయ్యి

అరవై రెండు అక్టోబరులో ఈశాన్య సరిహద్దులోని మా పోస్టుకు చేరాను. నాలుగు రోజుల కాలినడక. మనిషికి రెండు కంబళ్లు, ఒక రైఫిలు, యాభై తూటాలు. కళ్యాణదుర్గం పక్క మెట్టపొలాల్లో పెరిగినవాణ్ణి. మంచు చూడటం అదే మొదలు.

బంకరులో నాకు తోడు వైర్‌లెస్ ఆపరేటరు. మాది ఒకే జిల్లా. వాళ్లది తాడిపత్రి, వాళ్ల నాయన బండలు కొట్టేవాడు.

"ఆడ నీళ్లు లేక సస్తాంటిమి, ఈడ నీళ్లు గడ్డకట్టి సస్తాండాం గదన్నా," అని నవ్వేవాడు.

పదకొండో రోజు పొద్దున ఐదున్నరకు చైనావాళ్ల కాల్పులు మొదలయ్యాయి. ఏడింటికి నా కుడి జబ్బలో తూటా దిగింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అతను బయొనెట్ ఒర దన్నుగా పెట్టి, తన మఫ్లరుతో కట్టాడు.

"చెయ్యి పైకెత్తన్నా."

"ఎత్తుతాండా గదా!"

"లేదన్నా. కిందికే ఉండాది."

చూశాను. మణికట్టు దగ్గర అరచెయ్యి వేలాడుతోంది.

వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. గాయపడ్డవాళ్లు ముందు. అందరూ దిగేదాకా వైర్‌లెస్ సెట్టు కదలకూడదు.

"నువ్వు పో అన్నా, వస్తా," అన్నాడు. రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు నా బొటనవేలి వెనక సూదితో గుచ్చాడు. తెలియలేదు.

"జబ్బ ఎముకను చుట్టుకుని ఒక నరం దిగుతుంది. మణికట్టునూ వేళ్లనూ పైకి లేపేది అదే. ఎముకతోపాటు అదీ తెగింది. కుట్టినా రోజుకు ఆవగింజంత పెరుగుతుంది. లేస్తుందని మాటివ్వలేను."

కుట్టారు. ఏడాదికి పైగా చూశారు. సూది పోటు తెలిసింది. చెయ్యి మాత్రం లేవలేదు. కాగితాలిచ్చి ఇంటికి పంపారు.

రైలు తాడిపత్రిలోనే దిగాను. మా ఊరు తర్వాత అనుకున్నాను. దారి పొడవునా చేలు బీడుపడి ఉన్నాయి. అతని తల్లి గడపలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. కొడుకు ఆచూకీ లేదన్న తంతి ఒక్కటే ఆమెకు అందింది.

"నువ్వు కండ్లారా చూసినావా నాయనా?"

"లేదమ్మా. నాకు కట్టు కట్టి, ముందు పొమ్మన్యాడు. పోతిని."

"యాడ కట్టినాడు?"

చొక్కా చెయ్యి పైకి తీసి చూపించాను. ఆమె ఆ మచ్చ మీద వేళ్లు ఆనించింది. దండం పెట్టబోయాను. ఎడమ అరచెయ్యి నిలిచింది. కుడిది వాలిపోయింది.

ఆమె ఆ చేతిని పైకెత్తి, ఎడమదానికి ఆనించి, తన రెండు చేతులతో పట్టుకుంది.

ఆ కొండలు, ఆ మంచు ఇప్పుడు సరిగ్గా గుర్తుకు రావడం లేదు. ఆ నాలుగు చేతులు మాత్రం కళ్ల ముందు నుంచి పోవు. వదిలితే పడిపోతుందని ఆమెకు తెలుసు. చాలాసేపు వదల్లేదు.