ఆ చిన్న కారులో ఆదివారాలు

ఈ బరువు మోస్తూ ముసలిదాన్నయిపోయాను. ప్రభువు దగ్గర మోకాళ్ల మీద ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. చెప్పవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పెళ్లయి నేను అమెరికాలో ఇర్వింగ్ అనే ఊరు వచ్చేసరికి మావారి దగ్గర ఒక చిన్న కారు ఉంది. ఆవపిండి రంగు. రెండే తలుపులు. ఏసీ లేదు, అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి, గేర్లు మనమే మార్చుకోవాలి. పెట్రోలు కరువొచ్చి బంకుల దగ్గర కార్లు బారులు తీరిన రోజుల్లో, ఉన్నవాటిలోకెల్లా చవకైనదని కొన్నారట. రోడ్డు మీద ఓడల్లాంటి కార్ల మధ్య మాది బొమ్మలా ఉండేది. టెక్సస్ ఎండకి సీటు కాలిపోతుంటే తువ్వాలు పరచుకుని కూర్చునేవాళ్లం. అయినా నాకదంటే ఎంత ఇష్టమో! బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో నాలాంటిదానికి కూడా తెలిసిపోయేది. పైగా అది ఎంత ఇరుకంటే, గేరు మార్చినప్పుడల్లా ఆయన మోచెయ్యి నాకు తగిలేది. పెద్ద కారు లేదని నేనెప్పుడూ బాధపడలేదు.

మావారు సివిల్ ఇంజనీరు. ఆఫీసులో వంతెనల డ్రాయింగులు గీసేవారు. శనివారం కూడా వెళ్లేవారు. నాకు మిగిలింది ఆదివారం ఒక్కటే. ప్రార్థన అయ్యి అందరూ వెళ్లిపోయాక, ఖాళీ అయిన చర్చి పార్కింగ్ లాట్‌లో నాకు డ్రైవింగ్ నేర్పేవారు. అప్పటికి పుట్టిన మా చంటిపాప వెనక సీట్లో నిద్రపోయేది. నేను క్లచ్ తొందరగా వదిలేస్తే కారు ఎగిరిపడి ఆగిపోయేది. ఆయన నవ్వేవారు. గేరు మీదున్న నా చేతి మీద తన చెయ్యి వేసి మెల్లగా తోసేవారు. ఆ కాసేపు ఆయనకి ఆఫీసు లేదు, వంతెనలు లేవు. నేనే.

ఇప్పుడు అసలు సంగతి. నాకు డ్రైవింగ్ అప్పటికే వచ్చేసింది.

ఆయన స్నేహితుడి కార్లో ఆఫీసుకి వెళ్లేవారు. మా కారు ఇంటి దగ్గరే ఉండేది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే మిసెస్ బేకర్ అనే పెద్దావిడ నా ఒంటరితనం చూసి జాలిపడి, పగటిపూట పక్కన కూర్చుని నేర్పింది. ఆయన్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. కానీ ఆదివారం ఆయన చెయ్యి నా చేతి మీద పడగానే చెప్పాలనుకున్నది మానేశాను. కావాలనే క్లచ్ వదిలేశాను. తరువాతి వారమూ అంతే. లైసెన్స్ టెస్ట్‌కి తీసుకెళ్తే అక్కడా కావాలనే ఫెయిలయ్యాను.

అంతటితో ఆగి ఉంటే, కొత్త కాపురంలో చిలిపితనమని మీరు నవ్వేసి ఊరుకునేవారు.

ఒక సాయంత్రం ఆయన బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చారు.

“ఏమోయ్, నన్ను సైట్‌కి పంపిస్తామంటున్నారు. కొత్త బ్రిడ్జి. మొదట్నుంచీ చివరిదాకా నేనే చూసుకోవాలి.”

“ఎక్కడండీ?”

“దూరం. సోమవారం వెళ్తే శుక్రవారం రావడమే.” పాప పడుకున్న గది వైపు చూశారు. “రేపు చెప్పాలి. కుదరదనేస్తా.”

“అదేంటండీ?”

“నీకు డ్రైవింగ్ రాదు కదా. పాపకి జ్వరమొస్తే ఎట్లా? ఈ ఊళ్లో కారు తీయకుండా పాలు కూడా తెచ్చుకోలేం.”

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆ పప్పు ఆ మధ్యాహ్నం నేను హైవే మీద నడుపుకుంటూ వెళ్లి తెచ్చిందే. కార్లో మిసెస్ బేకర్ నా పక్కన కునుకు తీస్తూ కూర్చుంది.

ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఎందుకు? అబద్ధం బయటపడుతుందని భయమా? అది కొంతే. వారంలో ఐదు రోజులు ఆయన లేని ఇల్లు కళ్లముందు మెదిలింది. గరిటె తిప్పుతూ, “మీ ఇష్టమండీ” అన్నాను. ఎంత మంచిదానిలా అన్నానో!

మళ్లీ ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆ వంతెన ఇంకొకరు కట్టించారు. ఆ తరువాత ఎప్పటికో నేను టెస్ట్ పాసయ్యాను. ఆయన రిటైరయ్యేదాకా ఆఫీసులో ఆ డ్రాయింగు బల్ల ముందే కూర్చుని, వేరేవాళ్లు కట్టబోయేవాటికి గీతలు గీశారు. నన్ను ఒక్కసారైనా నిష్ఠూరమాడలేదు. పాప తండ్రి భుజమ్మీద పెరిగింది. మేము సంతోషంగానే ఉన్నాం. కానీ ఆ సంతోషంలో ఆయన మనసారా ఇచ్చింది ఎంత, నేను ఆయనకి తెలియకుండా లాక్కున్నది ఎంత? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు.

చివరి రోజుల్లో ఆయన్ని ఆసుపత్రికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లేదాన్ని. ఒకసారి నర్సుతో ఆయన, “ఈవిడకి డ్రైవింగ్ నేర్పింది నేనే. ఒక పట్టాన రాలేదు, అయినా వదల్లేదు” అన్నారు. ఆ నీరసంలోనూ ముఖం వెలిగిపోయింది. అప్పుడైనా చెప్పవలసింది. ఆ వెలుగు ఆర్పడానికి నోరు రాలేదు. అది ప్రేమో, పిరికితనమో నాకిప్పటికీ తెలియదు. ఆ నెలలోనే ఆయన పోయారు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసింది మీరు కాదు. ఒక మనిషికి ఈ మాట చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. ఊపిరి చాలా ఏళ్ల తరువాత నిండుగా ఆడుతోంది.