శామీర్‌పేటామె ఓటు

మొన్న యాప్రాల్‌లోని మా ఇంటికి ఓటరు చీటీలు పంచే అమ్మాయి వచ్చి, తొంభై దాటిన నన్ను చూసి జాలిపడి, ఈ వయసులో ఇంటి దగ్గర నుంచే ఓటు వెయ్యవచ్చునని చెప్పింది. వద్దమ్మా, నడిచే వస్తానన్నాను. కొంపల్లిలో ఉండే మా మనవరాలికి ఇది నా మొండితనంగా తోస్తుంది. కానీ అక్కడ బల్ల ముందు నిలబడగానే అధికారి మన పేరు పైకి చదువుతాడు చూడండి, అది వినడానికే నేను వెళతాను. ఎందుకో నా తోటి వయసువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది.

నలభైల చివర, గడబిడలన్నీ సద్దుమణిగి, ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్న రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్ళు. మేడ్చల్‌లో ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మనయ్యాను. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అవ్వ, అంటే అమ్మ తల్లి. తాత అంతకుముందే పోయాడు. ఇక మిగిలింది మేనమామ. పట్నంలో కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఏ దేశపు రాజ్యాంగం గురించి అడిగినా గంటసేపు చెప్పేవాడు, కూరలో ఉప్పు లేకపోయినా తెలియక తినేవాడు. అలాంటి మనిషి ఒకనాడు వచ్చి, రేపు ఓట్లు వచ్చినప్పుడు ఢిల్లీ సభకు నిలబడతానన్నాడు. అవ్వకు ఢిల్లీ అంటే తెలియదు, సభ అంటే తెలియదు. తెలిసిందల్లా కొడుకు ఓటు అడుగుతున్నాడని. అయితే మొదటి ఓటు తనదేనంది, ఆ రోజు నుంచి అదొక్కటే ఆమె కోరిక అయింది.

ఓటర్ల జాబితా రాస్తున్నారు. మగ గుమాస్తాలు వాకిట్లోకి వస్తే ఆడవాళ్ళు తలుపు చాటుకు పోతున్నారని, ఆ పని సర్కారు కచ్చేరివాళ్ళు నాకు అప్పగించారు. మాలో పెళ్ళయి వచ్చినదాన్ని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం రివాజు. లేదంటే మల్లయ్య పెండ్లాం, యాదగిరి తల్లి. పైగా పేరు కాగితం మీదికెక్కితే ఎప్పుడో ఒకప్పుడు కచ్చేరికి ఈడుస్తారన్న భయం ఆ రోజుల్లో అందరికీ ఉండేది. గట్టిగా అడగడం నాకు మర్యాదగా తోచలేదు. వాళ్ళు ఏది చెబితే అది ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటూ పోయాను. ఇంటికొచ్చి అవ్వను అడిగితే, "శామీర్‌పేటామె అంటె ఊరందరికి ఎరుకనే గద బిడ్డా, ఇగ పేరెందుకు" అంది. నవ్వుకుని, శామీర్‌పేటామె, ప్రొఫెసర్ తల్లి అని రాశాను.

కొన్నాళ్ళకు పైనుంచి హుకుం వచ్చింది. సొంత పేరు చెప్పని ఆడవాళ్ళను జాబితాలోంచి కొట్టేస్తారట. చెప్పడానికి కొద్ది రోజులు గడువిచ్చారు. బతిమాలి, బుజ్జగించి, నేను మళ్ళీ గడపగడపా తిరిగాను. ఊళ్ళో చాలామంది చెప్పారు. అవ్వ పేరు మాత్రం మిగిలిపోయింది. ఇంటి సంగతే కదా, చివర్న చూసుకుందాంలే అనుకున్నాను. ఆ మధ్యలో అవ్వ జ్వరంతో ఉన్న చెల్లెల్ని చూడడానికి శామీర్‌పేటకు పోయింది. కొడుకే ఉన్నాడు, చెప్పడా అని నేను ధైర్యంగా ఉన్నాను.

గడువు చివరి రోజు పొద్దున మామను వెంటబెట్టుకుని కచ్చేరికి వెళ్ళాను. గుమాస్తా కలం సిరాలో ముంచి, "అమ్మ పేరు జెప్పుండ్రి సార్" అన్నాడు. మామ నోరు తెరిచాడు. నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. ఆమె చేతి ముద్ద తిని పెరిగిన వాళ్ళం ఇద్దరం. తాత ఆమెను పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. బడిలో, కాలేజీలో ఎక్కడ అడిగినా తండ్రి పేరే అడిగారు. గుమాస్తా తల దించుకుని కలం తుడుచుకున్నాడు. మామ మొహం నేనింకా మరచిపోలేదు. ఎవరైనా చచ్చిపోతే కూడా మనిషి మొహం అలా పాలిపోదు.

సైకిలెక్కి శామీర్‌పేటకు పోయాడు. ఎర్రటి ఎండలో, చెరువు కట్ట మీదుగా, పోనూ రానూ అంత దూరం. పొద్దు వాలుతుండగా చెమటతో తడిసి, పేరు పట్టుకుని వచ్చాడు. అప్పటికి జాబితాల కట్ట పట్నానికి వెళ్ళిపోయింది. మరునాడు పట్నంలో అడిగితే గడువంటే గడువేనన్నారు. ఓటర్ల జాబితాలకు సంబంధించిన ఆ చట్టం మామకు కంఠతా వచ్చు, కనుక వాదించలేదు.

తరువాత ఓట్లు రానే వచ్చాయి. మామ నిలబడ్డాడు, ఓడిపోయాడు. చాలా తేడాతో ఓడాడు కనుక ఒక్క ఓటుతో గెలిచేవాడేమీ కాదు. కానీ ఆ రోజు అవ్వ మా మాట వినకుండా ఉతికిన చీర కట్టుకుని వచ్చి లైన్లో నిలబడింది. జాబితాలో లేదని పంపేశారు. బయటికొచ్చి, నా వేలి మీది సిరా మచ్చను చాలాసేపు నిమిరింది. "పోనీలే బిడ్డా, నువ్వేసినవ్ గద" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మరుసటి వానాకాలంలో పోయింది. మామ మళ్ళీ ఎన్నడూ ఎన్నికల ఊసెత్తలేదు, రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పుకున్నాడు.

ఇప్పుడు పుట్టిన పసిగుడ్డుకు కూడా కార్డు మీద పేరుంటుంది, తల్లి పేరు కూడా రాస్తున్నారు. మంచిదే. కానీ పేరు అచ్చయిన వాళ్ళు సెలవు దొరికిందని సినిమాకు పోతున్నారు. నేను కోపగించుకోను, కోపగించుకునే హక్కు నాకు లేదు. రాయవలసిన రోజున రాయని చేయి ఇది. అందుకని, ఏ జాబితాలోనూ లేకపోయినా, కనీసం ఇక్కడ రాస్తున్నాను. మా అవ్వ పేరు చిలకమ్మ.