నీళ్ల గొట్టంలో కరెంటు

ఆర్గాన్ వెల్డింగ్ నేర్చుకోవడానికి వెళ్లి, మొదటి వారంలోనే టార్చి కేబుల్‌ను ఉడకబెట్టిన ఘనత నాది. కేబుల్ కాల్చినవాళ్లు ఉంటారు, తెంపినవాళ్లు ఉంటారు. ఉడకబెట్టినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. తెలివితక్కువ పని అని ఒక్క ముక్కలో ఒప్పుకోవచ్చు గానీ, అసలు కారణం పొదుపు.

తొంభైల మధ్యలో సూరత్‌లో, సలాబత్‌పురాలో మా అన్న నడిపే పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాణ్ని. మగ్గాల మోతకు నా ఎడమ చెవి పనిమానేసింది. రెండోదైనా దక్కాలంటే షెడ్డు వదిలెయ్యమన్నాడు డాక్టరు. హజీరాలో ఒక కాంట్రాక్టరు స్టీలు పైపులు అతికేవాళ్లను తీసుకుంటున్నాడని, టెస్టు పీసు పాసైతే చాలునని తెలిసింది. టెస్టుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. అక్కడికి దగ్గర్లోనే ఇచ్ఛాపూర్‌లో రేకుల షెడ్డు వేసుకుని ఫ్యాబ్రికేషన్ పనులు చేసే విశాఖపట్నం ఆయన దగ్గర చేరాను. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన మాత్రం నన్ను మగ్గం అనేవాడు.

"ఏవయ్యా మగ్గం, ఇటు చూడు. ఇది టార్చి. ఈ మొనలో ఉన్నది టంగ్‌స్టన్ పుల్ల, ఇది కరగదు. దాని చుట్టూ ఉన్నది కప్పు. ఇందులోంచి గ్యాసు వస్తుంది. వెనకాల మూడు గొట్టాలున్నాయి చూశావా? ఒకటి గ్యాసుది, ఒకటి నీళ్లు వచ్చేది, ఒకటి నీళ్లు పోయేది. అర్థమైందా?"

ఆయన చెప్పింది ఎడమ చెవి వైపు నిలబడి. సగం అర్థమైంది, సగం ఊహించుకున్నాను. టార్చి అంటే అప్పటిదాకా నాకు రెండు సెల్లుల సరుకు. ఇందులో సెల్లూ లేదు, కరెంటు తీగా కనబడలేదు. మరి మంట ఎలా వస్తుంది? గ్యాసులో కలిసి వస్తుందేమో అనుకున్నాను. అడిగితే మగ్గం దగ్గరికే పొమ్మంటాడని భయం. అందుకని తల ఊపాను. నా తల ఊపుడు చాలా నమ్మకంగా ఉంటుంది, ఎన్నో చోట్ల నన్ను ముంచింది.

నాలుగో రోజు ఉస్తాద్ ఏదో పని మీద పల్సానా వెళ్తూ, నన్ను స్టీలు తునకల మీద టార్చితో గీతలు లాగి చెయ్యి కుదుర్చుకోమన్నాడు. మాస్కు పెట్టుకోబోతూ చూశాను కదా, మూడో గొట్టం చివర నుంచి మంచినీళ్లు ధారగా మోరీలోకి పోతున్నాయి. మేముండే వరస గదుల చాలీలో నల్లా పొద్దున్న ఒక గంట వస్తుంది. ఆ గంటలో పన్నెండు ఇళ్ల బిందెలు, పన్నెండు ఇళ్ల నోళ్లు. అలాంటి చోట నుంచి వచ్చినవాడికి ఆ ధార చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఎవరో మరిచిపోయారనుకుని నల్లా కట్టేశాను. పైగా మా షెడ్డులో తడి చేత్తో స్విచ్చు ముట్టుకుంటే అన్న తిట్టేవాడు. కరెంటు పని దగ్గర నీళ్లు లేకపోవడమే మంచిదనిపించింది. ఒక్క దెబ్బకు రెండు పుణ్యాలు!

మూడు గీతలు చక్కగా వచ్చాయి. నాలుగో గీత దగ్గర చేతిలో గొట్టం వెచ్చబడింది, తర్వాత మెత్తబడింది, తర్వాత బుసకొట్టింది. రబ్బరు కంపుతో ఆవిరి ఎగజిమ్మి మంట ఆరిపోయింది. టార్చి కింద పడేసి మెషీను కట్టేశాను. మెషీనే పోయిందనుకున్నాను. ఇక టెస్టు లేదు, మళ్లీ మగ్గాలే, కుడి చెవి కూడా సెలవు తీసుకుంటుంది. ఉస్తాద్ వచ్చేదాకా ఒక స్టూలు మీద కూర్చుని, మోగుతున్న చెవినే వింటూ ఉన్నాను.

ఆయన వచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత గొట్టాన్ని.

"నీళ్లు ఎవరు కట్టేశారు?"

"నేనే ఉస్తాద్. ఊకెనే మోరీల పోతున్నయని..."

"కరెంటు ఎటునుంచి వస్తుందనుకున్నావయ్యా?"

"గ్యాసులకెళ్లి."

ఆయన నవ్వలేదు. చాకు తీసి కాలిన గొట్టాన్ని నిలువునా చీల్చాడు. లోపల సన్నని రాగి తీగల పేట నల్లగా మాడి కనిపించింది. కరెంటు తీగ నీళ్లు పోయే గొట్టంలోనే ఉంది!

"చూశావా? ఇంత కరెంటుకి మామూలుగా బొటనవేలంత కేబుల్ కావాలి. అది పట్టుకుని రోజంతా పనిచేస్తే చెయ్యి పడిపోద్ది. అందుకని తీగ సన్నగా పెట్టి, నీళ్లతో చల్లారుస్తూ ఉంటాం. నీళ్లు ఆపావో, గొట్టంలో పులుసే."

"మెషీను పోయిందా ఉస్తాద్?"

"మెషీనుకేంటయ్యా, దున్నపోతులా ఉంది. పోయింది కేబులే. ఇంకో సెట్టుంది." అని, ఈసారి కుడి వైపుకొచ్చి అన్నాడు: "నేను నేర్చుకునేటప్పుడు రెండు కాల్చాను. నువ్వొకటేగా. ఇంకోటి బాకీ ఉన్నావు."

గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. ఆ సాయంత్రమే కొత్త గొట్టాలు నాచేతే బిగింపించాడు. తర్వాతి రోజుల్లో ఏది ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతుందో వేలుపెట్టి చూపించి అడిగేవాణ్ని, సిగ్గులేకుండా, కుడి చెవి అప్పగించి. ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ "మా మగ్గం గ్యాసులో కరెంటు తెచ్చాడండీ" అని చెప్పి చాయ్ తాగించేవాడు.

టెస్టు రోజున మెషీను వెయ్యకముందే, పోయే గొట్టం చివర వేలు పెట్టి చూశాను. చల్లగా తగిలింది. నా పీసు ఎక్స్‌రేలో పాసైంది. ఇంటికొచ్చి ఆ సాయంత్రం రెండుసార్లు భోంచేశాను.

వచ్చిన ఆదివారం ఉస్తాద్‌ను భోజనానికి పిలిచి, ముందు అన్న షెడ్డు చూపించాను. ఒక మగ్గం పడుగు పోగు తెగి ఆగి ఉంది. "ఇంతేనా? ముడెయ్యడం ఎంతసేపయ్యా!" అంటూ ఆయనే వంగాడు. అంత లావు వేళ్లకు ఆ పోగు దొరకలేదు, దొరికితే నిలవలేదు. ఆయన ముడి జారిపోయింది. పక్కన ఉన్న ఇంకో నాలుగు పోగులు తెగాయి. పనివాళ్లు, అందరూ మా ఊరివాళ్లే, చుట్టూ మూగారు. "జర మెల్లగ, పెద్దాయనా, గది ఇనుము కాదు!" అన్నాడొకడు. ఉస్తాద్ చెమటలు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి, "ఏవయ్యా, కాస్త చూపించవయ్యా" అని మెల్లగా అన్నాడు.

నేను మగ్గాల మోతలో వినబడనట్టు, ఆయన మళ్లీ వంగి ఇంకో పోగు తెంపేదాకా అటే చూస్తూ నిలబడ్డాను. ఆయన అడిగింది కుడి వైపునుంచే.