ఆమె సంతకం పెట్టని మూడు బోర్డులు

నేను ఊరి బడిలో ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అయినా నా చేతిలో బతికిన రేడియోలు వెయ్యికి పైమాటే. ఈ చుట్టుపక్కల చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించిన మొదటివాణ్ణి నేనే. అప్పట్లో చిప్పుకు చిన్న గాజు కిటికీ ఉండేది. ప్రత్యేకమైన దీపం కింద పెట్టి పాత రాత చెరిపి, కొత్తది రాసేవాళ్లం. చెరిపిన ప్రతిసారీ చిప్పు మీది చీటీపై పెన్సిలుతో గీత గీసేవాణ్ణి. వంద గీతలు నిండితే చెత్తలోకే. ఎవరూ నేర్పలేదు, నా బుర్రకే తట్టింది.

నా దగ్గర ఆ అలవాటు నేర్చుకున్న ఒకే మనిషి మా చెల్లెలి కూతురు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే వెచ్చని పెట్టెలు చేసే కార్ఖానాలో పదిహేనేళ్లుగా పరీక్ష బల్ల ఆమెది. పెట్టెతో వెళ్లే కాగితం మీద ఆమె సంతకం ఉంటేనే ఆస్పత్రివాళ్లు దింపుకుంటారు.

ఇప్పటి చిప్పుల్లో తీగ తగిలిస్తే చాలు, పది సెకన్లలో పాత రాత చెరిగి కొత్తది ఎక్కుతుంది. కానీ వాటికీ ఆయువుంది. ఆ కార్ఖానాలో వాడే చిప్పుకు పదివేలసార్లని దాని కాగితంలోనే ఉంది. అది దాటినా వెంటనే చావదు, అదే దాని దొంగబుద్ధి. ఇవాళ రాసింది ఇవాళ చక్కగా అప్పజెపుతుంది. వేడి తగిలితే నాలుగు రోజుల్లో మరిచిపోవచ్చు.

అక్కడి ఇంజనీరు ఒక అంకె మార్చినా మళ్లీ ఎక్కించే రకం. అది చాలక, పెట్టె వేడిని నడిపే చిప్పులున్న మూడు బోర్డుల్ని పరీక్షకని కంప్యూటరుకు కట్టేసి, దానంతటదే చెరిపి రాసుకుంటూ ఉండేలా వదిలి సెలవుకు పోయాడు. మా పిల్ల తెర మీది లెక్క చూసి చీటీల మీద వందసార్లకో గీత గీసింది. ఒక్కో బోర్డుకు రెండువందల ఇరవై గీతలు, అంటే ఇరవైరెండు వేలసార్లు.

నలభై పెట్టెలు పంపాల్సిన వారం మూడు బోర్డులు తక్కువపడ్డాయి. ఆ ముసలి బోర్డులే పెళ్లికూతుళ్లలా ముస్తాబై ఆమె బల్ల మీదికొచ్చాయి. చీటీలు లేవు. తీగ తగిలించే పిన్నులు మాత్రం అరిగి ఉన్నాయి.

"వీటి చీటీలేవి బాబూ?" అని సెలవు నుంచి వచ్చిన ఇంజనీరునడిగింది.

"ఊడిపోయాయక్కా."

"మూడూ కూడబలుక్కుని ఊడాయా? స్పిరిటు కంపు కొడుతోంది."

"నువ్వు టెస్టు పెట్టు. పాసవుతాయి."

"ఇవాళ పాసవుతాయిలే. రేపటి సంగతి చెప్పు."

ఆమె వాటిని నాలుగు రోజులు వేడి అరలో ఉంచి, లోపలి రాతను అసలుతో పోల్చింది. ఒకదానిలో రాత చెడింది. యజమాని చూసి, "మిగతా రెండూ బాగున్నాయిగా, అవి బిగించెయ్" అన్నాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతోంది.

ఆమె సంతకం పెట్టనంది. యజమాని కబురు పెడితే నేను కార్ఖానాకు వెళ్లాను.

"బాబాయ్, మీరు పెద్దవారు. మేనకోడలికి కాస్త నచ్చజెప్పండి."

మూడు కార్ఖానాలవాళ్లు చిక్కొస్తే కారు పంపి పిలిపించుకున్న మనిషిని నేను. నన్ను పిలిచింది ఇందుకు.

"ఏమంటావే?" అని ఆమెనడిగాను.

"లోపల బిడ్డ ఉండగా ఇది మరిచిపోతే, ఎంత వేడి పెట్టాలో దానికి తెలీదు మావయ్యా."

అంటూనే కత్తెర పట్టకారుతో మళ్లీ పనికిరాకుండా మూడు చిప్పుల కాళ్లూ కత్తిరించింది. యజమాని మొహం మాడిపోయింది. "రేపట్నుంచి రాకు" అన్నాడు. నేను లేచాను. "ఎంగిలి పళ్లెం తుడిచి కొత్తదని వడ్డించే ఇల్లు నాయనా ఇది." అని వచ్చేశాను.

వారం తిరక్కుండా ఇంజనీరు మూడు కాగితాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ఆస్పత్రివాళ్లు మిగిలిన మూడు పెట్టెలకూ ఆమె సంతకమే కావాలన్నారట.

"కొత్త బోర్డులే అక్కా. ఒట్టు."

"నాలుగు రోజులు వేడిలో పెట్టావా?"

"ఇంకా లేదక్కా."

"పెట్టాక పిలు. నేనే వచ్చి చూస్తాను."

అయిదో రోజు వెళ్లి, అక్షరం అక్షరం పోల్చి చూసి, మూడింటికీ సంతకం పెట్టింది. యజమాని ఏమీ జరగనట్టు, "నీ బల్ల నీకే ఉంచాను, రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడట. ఆమె తన భూతద్దం, పట్టకారు సంచిలో వేసుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేసింది.